మెదడులో నాగటి చాళ్ళు, వాటి పేర్లు

ఈ నెల మన గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు వచ్చింది. పాఠానికి ముందు, దీన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్తాను.

పోయిన నెల మన స్కూలు తరఫున నలుగురం టౌనులో సైన్సు ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చాం కదా. పట్టుకెళ్ళింది మన ల్యాబ్‌లోని ప్లాస్టర్ మెదడు బొమ్మ. దాని మీద 1 నుంచి 14 దాకా నంబర్లున్నాయి గాని, ఏ నంబరు ఏదో చెప్పే కాగితం ఎప్పుడో పోయింది. ఒకావిడ వచ్చి "బాబూ, ఈ 3 ఏమిటి?" అని అడిగారు. "మెదడండీ" అన్నాను. "అంతా మెదడే కదా నాయనా" అని నవ్వి వెళ్ళిపోయారు. అది ఒక సిగ్గు.

రెండోది రాయడానికి కష్టంగా ఉంది. ఒకాయన మా బల్ల దగ్గర ఆగి "ఎక్కడి పిల్లలు?" అన్నారు. ఏజెన్సీ నుంచి వచ్చామని చెప్పాం. ఆయన పక్కనున్న మనిషితో, మాకు వినపడేలాగే, "కొండోళ్ళకి ముందు బుర్ర ఎదగదు, కోతులకి లాగ. వీళ్ళకి సైన్సు ఎక్కడ ఎక్కుద్ది" అన్నారు. నాతో వచ్చిన తొమ్మిదో తరగతి తమ్ముడు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి పడుకునేటప్పుడు "అన్నా, నిజమేనా?" అని అడిగాడు. "కాదురా" అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నాడు.

నాకు తెలీదు. తెలుసుకోడానికి నెల రోజులు పట్టింది. బయాలజీ సారుని విసిగించాను, లైబ్రరీలో ఉన్నవన్నీ చదివాను. అందుకే ఈ పాఠం.

1. గట్టు, చాలు

మా ఊళ్ళో పండక్కి మేకని కోసినప్పుడు మావయ్య తలకాయ పగలగొడితే మెదడు చూశాను. మీలో చాలామంది చూసే ఉంటారు. నున్నగా ఉండదు, మెలికలు మెలికలుగా ఉంటుంది. మన మెదడు కూడా అంతే, ఇంకా ఎక్కువ మెలికలు. పైకి ఉబ్బిన భాగాన్ని గైరస్ అంటారు. రెండు ఉబ్బుల మధ్య పల్లాన్ని సల్కస్ అంటారు. చాలా లోతుగా ఉంటే ఫిషర్ అని కూడా అంటారు.

ఈ మాటలు చూసి భయపడకండి. సల్కస్ అంటే లాటిన్ భాషలో నాగటి చాలు అని అర్థం! దున్నిన చేను చూసి పెట్టిన పేరు అది. గైరస్ అంటే గ్రీకులో వలయం, మెలిక. నేను ఈ పాఠంలో గైరస్‌ని గట్టు అని, సల్కస్‌ని చాలు అని రాస్తాను. దున్నే ఇంటి పిల్లలం కాబట్టి మనకి సులువు.

మడతలు ఎందుకు? ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. దినపత్రిక ఒక పేజీ తీసుకుని మంచినీళ్ళ గ్లాసులో పట్టించండి. నలపకుండా పట్టదు. మన మెదడు పై పొరని (దీన్ని వల్కలం అంటారు) విప్పి పరిస్తే సుమారు 2000 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే దినపత్రిక పేజీకి దగ్గర దగ్గర. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు మాత్రమే. అంత పొర తలలో పట్టాలంటే ముడుచుకోవాలి. దానిలో మూడింట రెండు వంతులు చాళ్ళ లోపలే దాగి ఉంటుంది, పైకి కనపడదు.

కాని గ్లాసులో కాగితాన్ని మనం చేత్తో నలిపాం. మెదడుని ఎవరు నలిపారు? ఎవరూ కాదు. తల్లి కడుపులో నాలుగు, అయిదు నెలల దాకా మెదడు దాదాపు నున్నగా ఉంటుంది. తరవాత పై పొర లోపలి భాగం కంటే వేగంగా పెరుగుతుంది. పెరిగే చోటు లేక మడత పడుతుంది. 2016లో శాస్త్రజ్ఞులు జెల్‌తో మెదడు బొమ్మ చేసి ఒక ద్రవంలో ముంచారు. పై పొర ఉబ్బి, నిజం మెదడులాగే దానంతటదే మడతలు పడింది.

2. ముందు బుర్ర పటం

పక్కన నేను స్కెచ్ పెన్నుతో గీసిన బొమ్మ చూడండి. ముఖం ఎడమ చేతి వైపు ఉంది. మన ల్యాబ్ బొమ్మ మీద ఉన్న నంబర్లే వేశాను.

నుదురు వెనక ఉన్న భాగం ఫ్రాంటల్ లోబ్, తెలుగులో లలాట లంబిక. ఫ్రాన్స్ అంటే లాటిన్‌లో నుదురు. పొలానికి హద్దులున్నట్టే దీనికీ రెండు హద్దులున్నాయి.

నంబరు 1: సెంట్రల్ సల్కస్, అంటే నడిమి చాలు. నడినెత్తి నుంచి కిందికి దిగుతుంది. ఇది వెనక హద్దు.

నంబరు 10: సిల్వియస్ ఫిషర్. చెవి పైన అడ్డంగా పోతుంది. ఇది కింది హద్దు.

నంబరు 2: నడిమి చాలుకి ముందున్న నిలువు గట్టు, ప్రీసెంట్రల్ గైరస్. ప్రీ అంటే ముందు. చెయ్యి, కాలు, నాలుక కదిలించే ఆజ్ఞలు ఇక్కడి నుంచి వెళ్తాయి. ఎడమ గట్టు కుడి చేతిని, కుడి గట్టు ఎడమ చేతిని కదిలిస్తాయి.

నంబరు 3: ఆ గట్టుకి ముందున్న నిలువు చాలు, ప్రీసెంట్రల్ సల్కస్. (ఎగ్జిబిషన్‌లో అడిగినావిడకి జవాబు ఇదీ!)

ఇక్కడి నుంచి నుదుటి వైపు మూడు అడ్డ గట్లు, వాటి మధ్య రెండు అడ్డ చాళ్ళు ఉంటాయి. పైనుంచి కిందికి లెక్కపెట్టండి.

నంబరు 4: పై గట్టు, సుపీరియర్ ఫ్రాంటల్ గైరస్.
నంబరు 5: పై చాలు, సుపీరియర్ ఫ్రాంటల్ సల్కస్.
నంబరు 6: నడిమి గట్టు, మిడిల్ ఫ్రాంటల్ గైరస్.
నంబరు 7: కింది చాలు, ఇన్ఫీరియర్ ఫ్రాంటల్ సల్కస్.
నంబరు 8: కింది గట్టు, ఇన్ఫీరియర్ ఫ్రాంటల్ గైరస్.

సుపీరియర్ అంటే ఇక్కడ గొప్పది అని కాదు, పైనున్నది అని. ఇన్ఫీరియర్ అంటే తక్కువది అని కాదు, కింద ఉన్నది అని. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

కింది గట్టు మూడు ముక్కలు. మూతలా ఉన్నది ఆపర్క్యులారిస్, త్రిభుజంలా ఉన్నది ట్రయాంగ్యులారిస్, కంటి గూడు వైపు ఉన్నది ఆర్బిటాలిస్. పేరు వింటేనే ఆకారం తెలుస్తుంది.

నంబరు 9: బొమ్మని తిరగేస్తే అడుగున, మధ్య గీతకి ఆనుకుని ఉన్న తిన్నని గట్టు, గైరస్ రెక్టస్. రెక్టస్ అంటే తిన్ననిది.

11 నుంచి 14 దాకా వెనక భాగాలవి. వచ్చే నెల రాస్తాను.

3. కోతి ముందు బుర్ర

ఆయన కోతులన్నారు కాబట్టి కోతుల సంగతి కూడా పూర్తిగా చూద్దాం. కోతులు, కొండముచ్చులు, చింపాంజీలు, మనుషులు, మన అడవుల్లో రాత్రిపూట తిరిగే దేవాంగ పిల్లి, అన్నీ ప్రైమేట్లు అనే ఒకే క్రమానికి చెందినవి. శాస్త్రజ్ఞులు ఎక్కువగా చదివింది ఉత్తరాదిన ఉండే రీసస్ కోతి మెదడు. మన దక్షిణాదిన నెత్తి మీద టోపీలా జుట్టున్న బోనెట్ కోతి దానికి దగ్గర చుట్టం. రెండూ మకాకా ప్రజాతివే.

రీసస్ మెదడు సుమారు 90 గ్రాములు. చింపాంజీది 400 గ్రాములకి అటూ ఇటూ. మనిషిది 1350 గ్రాములు. దక్షిణ అమెరికాలో మార్మొసెట్ అనే చిన్న కోతి ఉంది. దాని మెదడు సుమారు 8 గ్రాములు, దాదాపు నున్నగా ఉంటుంది.

రీసస్ ముందు బుర్ర మీద కూడా నడిమి చాలు ఉంది. కాని మనకున్న మూడు అడ్డ గట్లు అందులో కనపడవు. వాటి బదులు రెండు పెద్ద చాళ్ళు ఉన్నాయి. ఒకటి వంపు తిరిగి విల్లులా ఉంటుంది. దాని పేరు ఆర్క్యుయేట్ సల్కస్, అంటే విల్లు చాలు. రెండోది ఆ విల్లు ఒంపులో తిన్నగా అంబులా ఉంటుంది. దాని పేరు ప్రిన్సిపల్ సల్కస్, అంటే ముఖ్యమైన చాలు. అంబు మొన తల వెనక్కి గురిపెట్టినట్టు ఉంటుంది. మా తాత విల్లు ఎక్కుపెట్టడం చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఒక్కసారికే గుర్తుండిపోయింది.

వాటి పని ఏమిటి? 1870లలో డేవిడ్ ఫెర్రియర్ అనే ఆయన కోతి మెదడు మీద చిన్నగా కరెంటు పెట్టి చూశారు. ముందు బుర్రలో ఒకచోట పెడితే కళ్ళు పక్కకి తిరిగాయి. చూపుని తిప్పే ఆ చోటు విల్లు చాలు ముందు గోడలో ఉందని ఇప్పుడు తెలుసు.

అంబు చాలు కథ ఇంకా బాగుంటుంది. 1930లలో జాకబ్‌సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కోతి చూస్తుండగా రెండు మూతల్లో ఒకదాని కింద తిండి పెట్టి, కాసేపు తెర అడ్డం వేసేవారు. తెర తీశాక మామూలు కోతి సరైన మూతే ఎత్తేది. ముందు బుర్ర దెబ్బతిన్న కోతికి కళ్ళు కనపడేవి, చేతులు ఆడేవి, కాని ఏ మూతో గుర్తుండేది కాదు. ఆ కాసేపు మనసులో పట్టి ఉంచే పనికి అంబు చాలు చుట్టుపక్కల భాగం ముఖ్యమని తరవాత తేలింది. ఎక్కం చేసేటప్పుడు మనం "చేతిలో 2" అని పట్టుకుంటామే, అలాంటి పని అది.

చింపాంజీ దగ్గరకి వస్తే పై చాలు, కింది చాలు, ప్రీసెంట్రల్ చాలు మనకిలాగే కనపడతాయి. అదనంగా కింది భాగంలో ఫ్రాంటో ఆర్బిటల్ అనే చాలు ఒకటి ఉంటుంది. అది మనకి లేదు. మెదడు రాయిగా మారదు గాని, పుర్రె లోపలి గోడ మీద మెదడు ఒత్తిన గుర్తులు మిగులుతాయి. జార్జియా దేశంలో ద్మానిసి అనే చోట దొరికిన సుమారు 18 లక్షల ఏళ్ళ నాటి మానవ పుర్రెలని పరిశీలించి, వాళ్ళ ముందు బుర్ర అమరిక ఇంకా చింపాంజీలాగే ఉందని 2021లో చెప్పారు. మనలాంటి అమరిక 17 నుంచి 15 లక్షల ఏళ్ళ మధ్య వచ్చిందట. అప్పటికి కులం లేదు, ఏజెన్సీ లేదు, టౌనూ లేదు. ఈ రోజు బతికున్న మనుషులందరిదీ ఆ మారిన అమరికే.

4. పేర్ల గొడవ

మా ఊరి వెనక ఒక కొండ ఉంది. దానికి మా ఊరివాళ్ళది ఒక పేరు, అవతలి ఊరివాళ్ళది ఇంకో పేరు, సర్వే పటంలో మూడో పేరు. కొండ ఒక్కటే. మెదడు చాళ్ళకి కూడా సరిగ్గా ఇదే జరిగింది.

కొన్ని పేర్లు మనుషులవి. సిల్వియస్ 17వ శతాబ్దంలో హాలండులో వైద్యం చెప్పిన ప్రొఫెసర్. నడిమి చాలుని రొలాండో చాలు అని కూడా అంటారు. రొలాండో ఇటలీ ఆయన. ఆ పేరు ఆయన పెట్టుకోలేదు. 1839లో ల్యూరే అనే ఫ్రెంచి ఆయన గౌరవంగా పెట్టారు. నిజానికి రొలాండో కంటే ముందే 1786లో విక్ దజీర్ ఆ చాలుని బొమ్మ గీశారు. అయినా పేరు రొలాండోకే దక్కింది!

1854లో గ్రాసియోలే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మనిషి మెదడుని, రకరకాల కోతుల మెదళ్ళని పక్కపక్కన పెట్టి, మడతలని పోల్చి పేర్లు పెడుతూ ఒక పుస్తకం రాశారు. అంతకుముందు చాలామంది ఈ మడతలు పేగుల్లా ఎటుపడితే అటు పోతాయని అనుకునేవారు. వాటికో క్రమం ఉందని అలా ఒక్కొక్కటే తెలిసింది.

చిక్కు ఎక్కడంటే, కోతి అంబు చాలుకి రెండు పేర్లు. కొందరు ప్రిన్సిపల్ సల్కస్ అంటారు, కొందరు సల్కస్ రెక్టస్ అంటారు. మన మెదడు అడుగున ఉన్న 9వ నంబరు గైరస్ రెక్టస్. రెండిటికీ రెక్టస్ ఉంది కదా అని ఒకటే అనుకుంటే తప్పు. ఒకటి పక్క భాగంలో చాలు, ఇంకొకటి అడుగున గట్టు. పేరు ఒకటైతే వస్తువు ఒకటి కాదు. పేరు వేరైతే వస్తువు వేరు కాదు. కోతి విల్లు చాలు మన 3వ నంబరు చాలుకి సాటి అని చాలామంది ఒప్పుకుంటారు. అంబు చాలుకి మనలో సాటి ఏదన్నది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది. ఆకారం ఒక్కటీ చూస్తే చాలదు. లోపలి కణాల అమరిక, నరాల దారులు కూడా చూడాలి.

ఇంకో పెద్ద పేరు బ్రోకా. 1861లో పారిస్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఒక రోగి ఉండేవాడు. అతను చెప్పింది అర్థం చేసుకునేవాడు, కాని ఏమడిగినా "టాన్, టాన్" అనే అనేవాడు. అతను చనిపోయాక డాక్టర్ పాల్ బ్రోకా మెదడు చూస్తే ఎడమ వైపు కింది గట్టు, అంటే మన నంబరు 8 దెబ్బతిని ఉంది. అప్పటి నుంచి ఆ చోటుని బ్రోకా ప్రాంతం అంటున్నారు.

5. తమ్ముడికి జవాబు

ఇప్పుడు అసలు సంగతి. "ముందు బుర్ర ఎదగదు" అన్న మాట ఆయన సొంతం కాదు. పాత మాటే. ఒకప్పుడు చదువుకున్నవాళ్ళే దాన్ని పుస్తకాల్లో రాశారు.

1906లో అమెరికాలో బీన్ అనే డాక్టరు తెల్లవాళ్ళ మెదళ్ళు, నల్లవాళ్ళ మెదళ్ళు కొలిచి, నల్లవాళ్ళ ముందు బుర్ర చిన్నదని రాశారు. చాలామంది నమ్మారు. బీన్‌కి గురువైన ప్రొఫెసర్ మాల్‌కి అనుమానం వచ్చింది. ఆయన తనే మళ్ళీ కొలిచారు. కాని ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఏ మెదడు ఎవరిదో తెలియకుండా కొలిచి, అన్నీ అయ్యాకే చీటీలు చూశారు. తేడా ఏమీ లేదు! 1909లో ఆ సంగతి అచ్చు వేశారు. ఎవరిదో ముందే తెలిసి కొలిస్తే, మనసులో ఉన్నదే కొలబద్ద మీద కనపడుతుందని దీని వల్ల నేను నేర్చుకున్నాను. పరీక్ష పేపర్ల మీద పేరు రాయనివ్వకుండా నంబరు మాత్రమే వేయించేది కూడా ఇందుకే.

బరువు సంగతి కూడా వినండి. ఫ్రెంచి రచయిత అనటోల్ ఫ్రాన్స్‌కి 1921లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చనిపోయాక మెదడు తూస్తే సుమారు 1017 గ్రాములే ఉంది. మామూలు మనిషి కంటే బాగా తక్కువ. గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు గౌస్ మెదడు 1492 గ్రాములు. గౌస్ మెదడుని జర్మనీలో గాజు సీసాలో దాచారు. 2013లో తెలిసింది ఏమిటంటే, గౌస్ పేరున్న సీసాలో ఉన్నది వేరే డాక్టరు గారి మెదడు! ఎప్పుడో రెండు సీసాలూ తారుమారయ్యాయి. సీసా మీద పేరు లేకపోతే అది మేధావి మెదడో కాదో చూడగానే చెప్పడం ఎవరి తరమూ కాలేదన్నమాట.

మడతల వివరాలు ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవు. కవల పిల్లల్లో కూడా తేడా ఉంటుంది. ఒకే మనిషిలో కుడివైపు, ఎడమవైపు కూడా తేడాయే. కాని 1 నుంచి 10 దాకా నేను చెప్పిన పెద్ద గట్లు, చాళ్ళు కొండ మీద పుట్టినవాడికీ, టౌనులో పుట్టినవాడికీ, ఆయనకీ, మనకీ అవే.

ఇక కోతులకి లాగ అన్న మాట. 2002లో స్కానింగ్ చేసి కొలిస్తే, మెదడు వల్కలంలో ముందు బుర్ర వాటా మనిషిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. చింపాంజీలోనూ దాదాపు అంతే వాటా! తిట్టుగా వాడే మాటకి కూడా ముందు కొలత చూసుకోవాలి.

సుపీరియర్ అంటే పైన, ఇన్ఫీరియర్ అంటే కింద అని రాశాను కదా. మెదడులో ఆ మాటలకి చోటు అనే అర్థమే ఉంది. మనిషి మాటలాడే ప్రాంతం కింది గట్టులోనే ఉంది. మనం కొండ మీద ఉంటాం, వాళ్ళు కింద ఉంటారు. అది కూడా చోటు మాత్రమే.

తమ్ముడు ఈ వ్యాసం చదివి, "అన్నా, ఆయనకి అప్పుడే చెప్పుంటే బాగుండేది" అన్నాడు. అప్పుడు నాకు తెలీదురా. ఇప్పుడు తెలుసు, నీకూ తెలుసు. వచ్చే ఏడు ఎగ్జిబిషన్‌కి బొమ్మ నువ్వే పట్టుకెళ్ళు.

పోయిన కాగితం బదులు పేర్ల చీటీ తమ్ముడే తన దస్తూరీతో రాశాడు. ల్యాబ్‌లో బొమ్మ పక్కన దారంతో కట్టాం. 11 నుంచి 14 దాకా ఖాళీ వదిలాం. దయచేసి చింపకండి.

మీకు మూడు ప్రశ్నలు (జవాబులు రాసి డబ్బాలో వెయ్యండి):
1. సల్కస్ అంటే లాటిన్‌లో అర్థం ఏమిటి?
2. రీసస్ కోతి ముందు బుర్రలో విల్లు, అంబు ఏవి?
3. ప్రొఫెసర్ మాల్ చీటీలు ముందే చూసి ఉంటే ఏమయ్యేదని మీరనుకుంటున్నారు? రెండు వాక్యాల్లో రాయండి.

వ్యాసంలో తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

ఇట్లు
మీ తోటి విద్యార్థి, 10వ తరగతి